ఆపాల్సిన మాత్ర ఆపరు, ఆపకూడనిది ఆపేస్తారు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం ఆరోగ్యం పేజీలో ఈమధ్య ఒక పాఠకుడి ప్రశ్న చూశాను. పెద్దపేగులో పుండ్లకు మందులు వాడుతున్నాడట. రక్తం పడటం ఆగి చాలా రోజులైందట. "ఇక మాత్రలు మానేయవచ్చా?" అని అడిగాడు. మీరిచ్చిన జవాబు ఒక్క వాక్యం: మీ వైద్యుడిని సంప్రదించండి. ఆ జవాబులో తప్పేమీ లేదు. కానీ మా జిల్లా రోగికి ఆ వైద్యుడు తిరుపతిలోనో వేలూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు. ప్రశ్న మాత్రం మందుల షాపు కౌంటరు మీదికి వస్తుంది.

నేను ప్రొద్దుటూరులో మందుల షాపు నడిపే ఫార్మసిస్టును. మామగారు పెట్టిన షాపు, ఇప్పుడు నేనూ మా అబ్బాయీ చూసుకుంటున్నాం. నేను డాక్టర్ని కాను, రోగం చూసి మందు చెప్పడం నా పని కాదు. అయితే ఎవరు ఏ మాత్ర కొంటున్నారో, ఎవరు ఏది కొనడం మానేశారో డాక్టరు కంటే నాకే ముందు తెలుస్తుంది. ఆ చనువుతోనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. నా పేరు వేయొద్దని మనవి. పేరు పడితే ఇందులో నేను చెప్పబోయే మనుషులెవరో మా వీధిలో అందరికీ తెలిసిపోతుంది.

ఈ పేగు జబ్బుల్లో రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరను పట్టుకుంటుంది. క్రోన్స్ జబ్బు నోటి నుంచి ఆసనం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా పాకుతుంది. రెండింటినీ కలిపి ఐబీడీ అంటారు. కొలైటిస్ రోగి చీటీ మీద మొదట్లో సాధారణంగా రెండు మందులు కనిపిస్తాయి. ఒకటి మెసాలమిన్. మెసాకోల్, పెంటాసా లాంటి పేర్లతో దొరుకుతుంది. రెండోది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, అంటే అందరి నోటా నలిగిన వైసొలోన్. మెసాలమిన్‌కు నెలకు వెయ్యి దాటుతుంది. వైసొలోన్‌కు ఆ నెలంతా కలిపి పెద్ద నోటు మార్చే పని ఉండదు. మెసాలమిన్ వేసుకుంటే వేసుకున్నట్టు కూడా తెలియదు. వైసొలోన్ పడిన వారంలోపే రక్తం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. ఇప్పుడు మీరే చెప్పండి, చేతిలో డబ్బు ఆడని మనిషి ఏ మాత్ర మానేస్తాడు, ఏ మాత్ర అడిగి మరీ తీసుకుంటాడు?

డాక్టరు అనుకున్నది దీనికి సరిగ్గా తలకిందులు. వైసొలోన్ కొన్ని వారాల కోసం. సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికి 5 చొప్పున తగ్గిస్తూ, రెండు నెలల్లో ఆపేస్తారు. దాన్ని ఎన్నేళ్లు మింగినా జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా కాపాడే గుణం దానికి లేదు. మెసాలమిన్ ఏళ్ల తరబడి వాడాలి. బాగున్నప్పుడు బాగుండేలా చూసేదే అది. మా షాపులో నేను చూసేది మాత్రం వేరే. మెసాలమిన్ మూడో నెలలో ఆగిపోతుంది. "అక్కా, బాగానే ఉండాను గదా, ఇంకా ఎందుకు మింగాల?" అంటారు. వైసొలోన్ స్ట్రిప్పు మాత్రం పాత చీటీ మడతల్లోంచి మళ్లీ మళ్లీ బయటికొస్తుంది.

జమ్మలమడుగు వైపు నుంచి ఒక చేనేత కార్మికుడు వచ్చేవాడు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి గంటకోసారి లేచి పరుగెత్తాల్సి వస్తే చీర ఎలా పూర్తవుతుంది? మొదట మొలలనుకున్నారు. బోర్డు పెట్టుకుని మొలలకు ఇంజెక్షన్లు వేసే మనిషి దగ్గరికి పోయి డబ్బు పోగొట్టుకున్నాడు. తర్వాత ఎవరో మంచి డాక్టరు కొలొనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించి కొలైటిస్ అని తేల్చారు. రెండు మందులూ రాశారు. వైసొలోన్‌తో తేరుకున్నాడు. మొగం నిండింది, బుగ్గలొచ్చాయి. కూతురి పెళ్లి కుదిరిందని ఒళ్లు చేసినాడని బంధువులు మెచ్చుకున్నారంట. అది ఒళ్లు చేయడం కాదు, స్టెరాయిడ్ వాపు అని చెబితే ఇంట్లోవాళ్లకే నచ్చలేదు. నేను చీటీ లేకుండా ఇవ్వనని చెప్పాక నా దగ్గరికి రావడం మానేశాడు. ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంది. షుగరు వచ్చింది. తుంటి నొప్పి మొదలైంది. ఎక్కువకాలం స్టెరాయిడ్ వాడితే తుంటి ఎముక తలకు రక్తం అందక చచ్చుబడుతుంది, దాని సంగతి మా షాపుకు వచ్చే ఎముకల డాక్టర్ల చీటీలు చూస్తేనే తెలుస్తుంది. చివరికి ఎవరో భయపెడితే ఒక్కరోజున మాత్ర మొత్తం ఆపేశాడు. కళ్లు తిరిగి, వాంతులై, బీపీ పడిపోయి ఆసుపత్రిలో చేరాడు.

అలా ఎందుకవుతుందో మీ పేజీలో ఎవరైనా వివరంగా రాయాలి. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు మనకు రోజూ కావాల్సిన స్టెరాయిడ్‌ను తయారు చేస్తాయి. బయటి నుంచి వారాల తరబడి మాత్ర పోతుంటే అవి పని తగ్గించేస్తాయి. మాత్ర మెల్లగా తగ్గిస్తూ వస్తే మళ్లీ పని అందుకుంటాయి. ఉన్నట్టుండి ఆపితే లోపలా లేదు, బయటా లేదు. కాబట్టి వైసొలోన్‌ను పొడిగించడం ఎంత తప్పో, ఒక్కసారిగా తెంచేయడం అంత ప్రమాదం.

స్టెరాయిడ్‌ను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. 1955లో ఇంగ్లండులో ట్రూలవ్, విట్స్ అనే డాక్టర్లు కార్టిజోన్ అనే స్టెరాయిడ్‌ను ఈ జబ్బు మీద పద్ధతిగా పరీక్షించి ఫలితం చూపించారు. అంతకు ముందు తీవ్రంగా వచ్చిన కొలైటిస్‌లో ప్రాణాలు నిలవడమే కష్టంగా ఉండేది. ఇప్పటికీ రోజుకు ఆరేడుసార్లు రక్త విరేచనాలై, జ్వరంతో, గుండె దడతో చేరిన రోగికి ముందు నరానికి ఎక్కించేది అదే. పని అయ్యాక దాన్ని సాగనంపాలి, అంతే. సాగనంపడం కుదరకపోతే, అంటే తగ్గించిన ప్రతిసారీ జబ్బు తిరగబెడుతుంటే, ఇంకో మందుకు మారే సమయం వచ్చిందని అర్థం. ఆ మాట చెప్పగలిగేది డాక్టరే. పాత చీటీతో షాపుల చుట్టూ తిరిగితే ఆ సమయం దాటిపోతుంది.

మెసాలమిన్ మీద మా కౌంటరు దగ్గర వినిపించే ఫిర్యాదులు వేరే రకం. "మాత్ర మాత్ర మాదిరే బయటికి వచ్చేసింది, డబ్బులు దండగ" అంటారు. ఆ మాత్ర కడుపులో కరగకుండా పైన పూత పూసి ఉంటుంది. చిన్నపేగు చివర, పెద్దపేగు మొదట్లో పూత విప్పుకుని మందు బయటికి వస్తుంది. ఒక్కోసారి మందు దిగిపోయి వట్టి డొల్ల బయట పడుతుంది. ఎప్పుడో ఒకసారి డొల్ల కనబడితే భయం లేదు. నిండు మాత్రలే పదే పదే పడుతుంటే డాక్టరుకు చెప్పాలి, రకం మారుస్తారు. ఇంకొందరు 1.2 గ్రాముల మాత్ర గొంతు దిగడం లేదని బ్లేడుతో రెండు ముక్కలు చేస్తారు, నూరి మజ్జిగలో కలుపుకుంటారు. పూత పోయిందంటే మందు పైనే కరిగిపోతుంది, పెద్దపేగు దాకా చేరేది తక్కువ. గొంతు దిగకపోతే చిన్న గుళికల రూపంలో వచ్చే రకాలున్నాయి, అడగండి. రోజు మోతాదు మొత్తం ఒకేసారి వేసుకున్నా, రెండు మూడుసార్లుగా వేసుకున్నా ఫలితం ఒకటే అని పరీక్షల్లో తేలింది. మూడు పూటలు గుర్తుంచుకోలేక వదిలేసేవాళ్లు ఈ ఒక్క విషయం డాక్టర్ని అడిగితే చాలు. కిడ్నీ మీద అరుదుగా ప్రభావం ఉంటుంది కాబట్టి ఏడాదికోసారైనా క్రియాటినిన్ చూయించుకోవాలి. క్రోన్స్‌లో మాత్రం దీని వల్ల లాభం తక్కువ, అక్కడ దారి వేరు.

డబ్బు తక్కువైతే డాక్టర్లు సల్ఫాసలజైన్ రాస్తారు. సాజో పేరుతో బాగా తెలిసిన మందు. దీని కథ నాకిష్టం. స్వీడన్‌లో నన్నా స్వార్ట్స్ అనే డాక్టరమ్మ కీళ్లవాతం కోసం తయారు చేయించిన మందు ఇది, పేగు రోగులకు పనికొచ్చింది. అందులో రెండు ముక్కలు ఒకదానికొకటి అతికి ఉంటాయి, పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని విడదీస్తుంది. ఏ ముక్క పని చేస్తోందో చాలా ఏళ్లు తెలియలేదు. బంగ్లాదేశ్‌కు చెందిన ఆజాద్ ఖాన్ అనే డాక్టరు ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్‌తో కలిసి 1977లో ఆ రెండు ముక్కల్నీ విడివిడిగా ఎనిమాలుగా, అంటే ఆసనం గుండా ఎక్కించే ద్రవంగా, ఇచ్చి చూశారు. పని చేసిన ముక్కే ఇవాళ్టి మెసాలమిన్. రెండోది సల్ఫా ముక్క, ఎక్కువ ఇబ్బందులు దాని వల్లే.

ఆ ఇబ్బందుల్లో ఒకటి ఇళ్లలో గొడవలు పెడుతోంది. సల్ఫాసలజైన్ వాడే మగవాళ్లలో వీర్యకణాలు తగ్గుతాయి. మందు మార్చాక రెండు మూడు నెలల్లో మళ్లీ మామూలవుతాయి. మా దగ్గరికి వచ్చే ఒకావిడ కోడలికి పిల్లలు కలగలేదని గుళ్లకు తిప్పింది, సంతాన కేంద్రాలకు తిప్పింది, ఆ పిల్లను అనని మాట లేదు. కొడుకు నెలనెలా సాజో నా దగ్గరే కొంటాడు. ఒకరోజు అబ్బాయి ఒంటరిగా వచ్చినప్పుడు, ఈ సంగతి మీ డాక్టర్ని ఒకసారి అడుగు నాయనా అని చెప్పాను. మందు మారింది. పిల్లలు కలిగారా లేదా అన్నది వాళ్లింటి విషయం, ఇక్కడ రాయను. ఈ మందు వాడేవాళ్లకు మూత్రం నారింజ రంగులో వస్తుంది, అదీ మామూలే. సల్ఫా పడనివాళ్లు ముందే చెప్పాలి. ఫోలిక్ ఆసిడ్ మాత్ర తోడుగా రాస్తారు, అది వట్టి విటమిన్ కదా అని చీటీలోంచి కొట్టేయించకండి.

ఇక అసలు చిక్కు వెనక నుంచి పెట్టుకునే మందుల దగ్గర వస్తుంది. జబ్బు ఆసనం దగ్గరి భాగంలోనే ఉంటే మింగే మాత్ర కంటే మెసాలమిన్ సపోజిటరీ, అంటే ఆసనంలో పెట్టుకునే మాత్ర, బాగా పని చేస్తుంది. ఎడమవైపు పేగు దాకా పాకితే ఎనిమా. మాత్ర, ఎనిమా రెండూ కలిపితే ఏదో ఒక్కటి వాడిన దానికంటే మేలు. డాక్టర్లు రాస్తారు, మనవాళ్లు కొనరు. చీటీలో మిగతావన్నీ తీసుకుని ఆ ఒక్కటీ వద్దంటారు. మగవాళ్లు నాతో ఆ మాట అనలేక మా అబ్బాయి ఎప్పుడొస్తాడని అడుగుతారు. ఆడవాళ్లు మా అబ్బాయి ఉంటే వెనక్కి తిరిగి పోతారు. ఒకాయన ఎలా వాడాలో ఎవరూ చెప్పక సపోజిటరీని నీళ్లతో మింగేశాడు, రుచి బాగాలేదని నాకు ఫిర్యాదు కూడా చేశాడు. నవ్వు ఆపుకుని చెప్పాను, మళ్లీ పొరపాటు జరగలేదు. వివరం ఇంతే: రాత్రి పడుకునే ముందు, కాలకృత్యాలు తీర్చుకుని, ఎడమవైపుకు తిరిగి పడుకుని, కాస్త నీళ్లతో తడిపి వేలితో లోపలికి నెట్టాలి. ఎనిమా అయితే గది వేడికి వచ్చాక సీసా ఊపి, అలాగే ఎడమవైపు పడుకుని ఎక్కించి అర్ధగంటైనా కదలకుండా ఉండాలి, రాత్రంతా నిలిస్తే ఇంకా మంచిది. మొదటి రెండు మూడు రోజులు నిలవకపోవచ్చు. మానేయకండి, వాపు తగ్గే కొద్దీ నిలుస్తుంది. ఇంకో మాట, మా కడప ఎండల్లో సపోజిటరీ బస్సులోనే కరిగి పోతుంది. మే నెలలో ఎర్రగుంట్ల దాకా పోయేవాళ్లకు కూడా నేను ఐస్ ప్యాక్ పెట్టి ఇస్తున్నాను.

క్షయ సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. మన దేశంలో పేగు క్షయ ఎక్కువ. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండ్లు కనిపిస్తే అది క్షయా, క్రోన్సా అని పెద్ద డాక్టర్లకే ఒక పట్టాన తేలదు. రెండింట్లోనూ కడుపునొప్పి, జ్వరం, సన్నబడటం. ముక్క తీసి పరీక్షకు పంపినా ఒక్కోసారి జవాబు రాదు. అప్పుడు క్షయ మందులు ముందు మొదలుపెట్టి, రెండు మూడు నెలల్లో మళ్లీ లోపల చూస్తారు. పుండ్లు మానుతుంటే క్షయే, కోర్సు పూర్తి చేయాలి. మానకపోతే క్రోన్స్ అని అనుమానించాలి. ఈ రెండోసారి చూడటం దగ్గరే మా రోగులు తప్పిపోతున్నారు. కొలొనోస్కోపీ అంటే భయం, ఖర్చు, ఊరు పోవాలి. జ్వరం తగ్గిందిలే అని క్షయ మాత్రలే మింగుతూ ఉండిపోతారు, ఆలోపు క్రోన్స్ పేగును సన్నబరిచి ఆపరేషన్ దాకా తెస్తుంది. తిరగేసి చూస్తే, క్షయ ఉన్నవాడికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ పడితే క్షయ విజృంభిస్తుంది. ఇలాంటి జబ్బులో చీటీ లేకుండా వైసొలోన్ అమ్మడమంటే ఏమిటో మా వృత్తివాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. అది షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సింది. స్ట్రిప్పు మీద ఎర్రగీత ఊరికే గీయలేదు.

స్టెరాయిడ్ మాన్పించడానికి రాసే మందుల్లో పాతది అజాథియోప్రిన్. ఇమురాన్, అజోరాన్ పేర్లతో వస్తుంది. దీని తల్లి మందును కనిపెట్టిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. మరీ ఖరీదైన మందు కాదు, కానీ ఓపిక కావాలి. పని మొదలవడానికే రెండు మూడు నెలలు పడుతుంది. నెల వాడి "ఏం లాభం లేదక్కా" అని ఆపేసేవాళ్లు కొందరైతే, బాగుందని రక్తపరీక్ష ఎగ్గొట్టేవాళ్లు కొందరు. ఈ మందు తెల్లకణాలను పడగొట్టవచ్చు. మొదట్లో వారం, రెండు వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి రక్తం చూయించుకోవాల్సిందే. మనలాంటి ఆసియా వాళ్లలో కొందరికి నడ్‌టీ15 అనే జన్యువు తేడా వల్ల మామూలు మోతాదుకే కణాలు పడిపోతాయి, జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. ముందే ఆ పరీక్ష చేసే ల్యాబులు పట్నాల్లో ఉన్నాయి. జ్వరం, గొంతునొప్పి వస్తే మర్నాటిదాకా చూడొద్దు. గౌట్ నొప్పికి వాడే జైలోరిక్‌తో ఇది కలవకూడదు, కలిస్తే అజాథియోప్రిన్ ఒంట్లో పేరుకుపోతుంది. వేరే డాక్టరు జైలోరిక్ రాస్తే మందుల సంచి మొత్తం ఆయన ముందు పెట్టండి.

ఖరీదైన ఇంజెక్షన్ల గురించి పత్రికలు బాగానే రాస్తాయి కాబట్టి క్లుప్తంగా ముగిస్తాను. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అమెరికాలో క్రోన్స్‌కు 1998లో అనుమతి పొందింది. మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, తర్వాత ఎనిమిది వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. అడాలిముమాబ్‌ను రెండు వారాలకోసారి ఇంట్లోనే పొడుచుకోవచ్చు. దానిలాగే పని చేసే బయోసిమిలర్ మందును ప్రపంచంలో అందరికంటే ముందు 2014లో మన జైడస్ కంపెనీయే మార్కెట్లోకి తెచ్చింది, ధర అప్పటి నుంచి కొంత దిగింది. వీటికి ముందు క్షయ పరీక్ష తప్పదు, ఒంట్లో నిద్రపోతున్న క్షయను ఇవి లేపుతాయి. ఇక్కడా నేను చెప్పేది ఆపడం గురించే. అప్పు చేసి మూడు డోసులు ఎక్కించుకుని, డబ్బుల్లేక ఆపి, కొన్ని నెలలకు మళ్లీ జబ్బు రాగానే మళ్లీ మొదలుపెడతారు. ఆ సందులో ఒళ్లు ఆ మందుకు ఎదురు తిరగడం నేర్చుకుంటుంది. రెండోసారి మందు పట్టకపోవచ్చు, ఎక్కిస్తుండగానే రియాక్షన్ రావచ్చు. ఎన్నాళ్లు భరించగలరో ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నాకే మొదలుపెట్టడం మేలు. డాక్టరుకు కూడా మొహమాటం లేకుండా జేబు సంగతి చెప్పండి.

టోఫాసిటినిబ్ మాత్ర వచ్చాక కొలైటిస్ రోగులకు కొంత ఊపిరి అందింది. అమెరికాలో కొలైటిస్‌కు 2018లో అనుమతి వచ్చింది, మన దేశంలో చాలా కంపెనీలు చేస్తున్నాయి, ఇంజెక్షన్ల కంటే చాలా చవక. కానీ చవకదనమే నాకు భయం. వైసొలోన్ లాగే ఇది కూడా పాత చీటీల మీద తిరగడం మొదలైంది. దీనికీ క్షయ పరీక్ష ముందు కావాలి. దీనితో సర్పి (హెర్పిస్ జోస్టర్) లేవవచ్చు. జాజు పూయించుకుని ఊరుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. పొగతాగేవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో, గుండె జబ్బున్నవాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని 2021లో అమెరికా మందుల సంస్థ గట్టి హెచ్చరిక చేర్చింది. గర్భిణులకు ఇది పనికిరాదు.

గర్భం అంటే గుర్తొచ్చింది. కూతురు నెల తప్పిందని ఒక తల్లి ఆ పిల్ల మెసాలమిన్ స్ట్రిప్పులన్నీ తెచ్చి వెనక్కి తీసుకోమంది. కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందని. మెసాలమిన్ గర్భంలో వాడుకోవచ్చు. అజాథియోప్రిన్‌ను కూడా డాక్టర్లు సాధారణంగా కొనసాగిస్తారు. బిడ్డకు అసలు ముప్పు జబ్బు తిరగబెట్టడం వల్ల వస్తుంది. క్రోన్స్‌లో కొందరికి రాసే మెథోట్రెక్సేట్ మాత్రం ఖాయంగా కూడదు, గర్భం కావాలనుకున్నప్పుడే ముందుగా డాక్టరుకు చెప్పి మానాలి. ఆ స్ట్రిప్పులు నేను వెనక్కి తీసుకోలేదు.

కువైట్‌లో పనికి పోయిన మా జిల్లావాళ్లకు ఇక్కడి నుంచి మందులు పంపే ఇళ్లు చాలా ఉన్నాయి. సెలవు మీద వచ్చి తిరిగి పోయేటప్పుడు బ్యాగులో చోటు లేదని మాత్రలే తీసేస్తారు, ఊరగాయ డబ్బా తీయరు. చీటీ, బిల్లు, మాత్రలు మూడూ చేతి సంచిలో పెట్టుకోండి.

నడుము నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని వేసుకుంటే ఈ జబ్బు తిరగబెట్టవచ్చు, కొనేముందు మీకు పేగు జబ్బు ఉందని షాపులో చెప్పండి. రక్తం పడుతుంటే లోపెరమైడ్ వేసుకుని విరేచనాలు బిగించకండి, తీవ్రంగా ఉన్నప్పుడు పేగు ఉబ్బిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కారం తిన్నందుకే ఈ జబ్బు వచ్చిందని కడపవాళ్లను పట్టుకుని ఇతర జిల్లాల చుట్టాలు అంటుంటారు. కారం వల్ల మంట పెరగవచ్చు గానీ జబ్బు పుట్టదు. ఇది పట్నం జబ్బు అనుకునేవాళ్లూ ఉన్నారు. పక్కనే తెలంగాణలో హైదరాబాదు డాక్టర్లు ఊళ్లకు పోయి చూస్తే పల్లెల్లోనూ ఉందని తేలింది. పేగు జబ్బుల వైద్యంలో దేశానికే పేరు తెచ్చిన డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారు ఎంబీబీఎస్ చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే. సీమలో ఈ చదువుకు కొరత లేదు, మందు అందడం దగ్గరే కొరత.

అందుకే అడుగుతున్నాను. ఆసుపత్రిలో చేరితే ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఆదుకుంటుంది. నెలనెలా కొనే మెసాలమిన్‌కు నా కౌంటరు మీద ఆ కార్డు పెడితే నేనేం చేయగలను? మెసాలమిన్ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. 2025 సెప్టెంబరులో మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అది నాలుగు డబ్బుల తేడా. బీపీ, షుగరు మాత్రలు ఇచ్చినట్టే మెసాలమిన్ మాత్ర, సపోజిటరీ, అజాథియోప్రిన్ మూడూ ఏరియా ఆసుపత్రుల్లో నెలనెలా ఇవ్వాలి. చవకైన స్టెరాయిడ్ వల్ల వచ్చే షుగరుకు, విరిగే ఎముకలకు, మళ్లీ మళ్లీ చేరే పడకలకు ప్రభుత్వం ఎలాగూ ఖర్చు పెడుతూనే ఉంది.

డాక్టర్లకు నాదొక చిన్న విన్నపం. వైసొలోన్ రాసేటప్పుడు "టేపర్" (మెల్లగా తగ్గించు) అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఏ తేదీ నుంచి ఎన్ని మాత్రలు, ఏ తేదీన పూర్తిగా బంద్ అని తెలుగులో రాయండి. కిందనే మెసాలమిన్ పక్కన "నేను చెప్పేదాకా ఆపవద్దు" అని రాయండి. అప్పుడు పాత చీటీ పట్టుకుని ఎవరొచ్చినా, ఆ తేదీ మీద వేలు పెట్టి చూపించి స్ట్రిప్పు ఇవ్వనని చెప్పడం మాలాంటి షాపులవాళ్లకు తేలికవుతుంది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా